లేఖలో సంబోధన: విరామచిహ్నాలు, మర్యాద – ఒక విమర్శనాత్మక పరిశీలన

1. పరిచయం

వ్యవహార లేఖలో తేదీ, చిరునామా, విషయం, సంబోధన, ప్రధాన విషయం, ముగింపు, సంతకం అనే భాగాలుంటాయని మీకు తెలుసు. వీటిలో అతి చిన్నది సంబోధన. ఒక్క మాట, ఒక్క విరామచిహ్నం. అయితే లేఖ రాసేవారు ఎక్కువగా తడబడేదీ అక్కడే. 'అయ్యా' అనాలా, 'ఆర్యా' అనాలా? తర్వాత కామా పెట్టాలా, ఆశ్చర్యార్థకం పెట్టాలా? అధికారి స్త్రీ అయితే ఏమనాలి? పేరు తెలియకపోతే ఎలా?

దూరవిద్యా విద్యార్థులకు ఈ ప్రశ్నలు మరీ ముఖ్యం. రోజూ తరగతికి వెళ్లే విద్యార్థి ఆఫీసు గది ముందు నిలబడి తన సమస్య చెప్పుకోగలడు. మీకూ విశ్వవిద్యాలయానికీ మధ్య ఉన్నది చాలావరకు కాగితమే. ఆ కాగితం మీ తరఫున మాట్లాడాలి. అది ఎలా పలకరిస్తుందో చూసి, రాసిన మనిషి ఎలాంటివారో చదివేవారు ఊహించుకుంటారు.

ఈ పాఠ్యభాగం ప్రతిపాదించే విషయం ఒకటే. తెలుగులో మర్యాదను మోసేవి విభక్తి ప్రత్యయం, గౌరవ బహువచనం, 'గారు' అనే మాట. విశేషణాల వరసా, విరామచిహ్నాల గుంపూ ఆ పని చేయలేవు. పైగా చాలాసార్లు రాసేవారిని అవసరం లేకుండా చిన్నబుచ్చుతాయి. ఎలాగో ఒక నమూనా ఆధారంగా చూద్దాం.

2. పరిశీలనకు ఒక నమూనా

కింది లేఖ బోధన కోసం కల్పించినది. ఇందులోని ప్రతి అంశమూ మనం తరచుగా చూసేదే.

కు,
గౌరవనీయులైన శ్రీ. శ్రీ. రీజనల్ కోఆర్డినేటర్ గారి దివ్య సముఖమునకు,

విషయం: హాల్ టికెట్‌లో పేరు తప్పుగా ముద్రింపబడుట – గురించి.

ప్రియమైన అయ్యా!!

తమ పాదములకు నమస్కరించి వ్రాసుకొను విన్నపము ఏమనగా, నేను తమరి అధ్యయన కేంద్రంలో బి.ఏ. రెండవ సంవత్సరం చదువుచున్నాను. నా హాల్ టికెట్ నందు పేరు తప్పుగా పడినది. కావున తమరు దయతలచి సరిచేయించగలరని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు.

ఈ లేఖలో అడిగిన పని న్యాయమైనది. తప్పు విద్యార్థిది కాకపోవచ్చు. అయినా లేఖ చదివితే తప్పు చేసినవాడు క్షమాపణ వేడుకుంటున్నట్లు ఉంటుంది. ఇంకో విశేషం గమనించండి. ఇంత వినయం చూపిన లేఖలో విద్యార్థి ప్రవేశ సంఖ్య లేదు, సరైన పేరు లేదు, పరీక్ష తేదీ లేదు. అధికారికి నిజంగా కావలసినవేవీ లేవు.

3. 'కు' ఉండవలసిన చోటు

మొదటి పంక్తిలో 'కు' ఒంటరిగా నిలబడి ఉంది. ఇది ఇంగ్లీషు లేఖలోని 'టు' అనే మాటకు అనువాదం. ఇంగ్లీషులో ఆ మాట నామవాచకానికి ముందు వస్తుంది. తెలుగులో 'కు' ప్రత్యయం, నామవాచకం తర్వాత దానికి అతుక్కుని వస్తుంది. సంప్రదాయ వ్యాకరణం కి, కు, యొక్క, లో, లోపల అనే వాటిని షష్ఠీ విభక్తి కింద చెప్పింది. ఏ మాటకూ అంటకుండా పంక్తి మొదట 'కు' అని రాసి కామా పెట్టడం తెలుగు వాక్యనిర్మాణానికి విరుద్ధం.

పైగా తర్వాతి పంక్తిలో 'సముఖమునకు' అని ఉంది. అంటే ఒకే ప్రత్యయం రెండుసార్లు వచ్చింది. 'రీజనల్ కోఆర్డినేటర్ గారికి' అంటే చాలు. పైన ఏ మాటా అక్కర్లేదు. ముద్రించిన ఫారాల్లో 'నుండి:', 'కు:' అని ఉంటే వాటిని ఖాళీలకు పెట్టిన గుర్తులుగా తీసుకుని పూరించవచ్చు. మనంతట మనం రాసే లేఖలో వాటిని అనుకరించనక్కర్లేదు.

4. 'శ్రీ' తర్వాత చుక్క

'డా.', 'ప్రొ.' అనేవి సంక్షిప్త రూపాలు. డాక్టర్, ప్రొఫెసర్ అనే మాటలను కుదించామని చెప్పడానికి అక్కడ చుక్క పెడతాం. పేరు ముందు వచ్చే ఇంటిపేరు పొడి అక్షరాలకూ ఇదే కారణం. 'శ్రీ' సంక్షిప్త రూపం కాదు, పూర్తి మాట. దాని తర్వాత చుక్క పెట్టడం పొరపాటు. ఇంగ్లీషులో 'మిస్టర్' కుదింపు తర్వాత చుక్క చూసిన అలవాటు ఇక్కడికి వచ్చింది. నిజానికి ఆ ఇంగ్లీషు చుక్క కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. అమెరికాలో పెడతారు, బ్రిటన్‌లో సాధారణంగా పెట్టరు.

'శ్రీ' వ్యక్తి పేరు ముందు రావలసిన మాట. నమూనాలో పేరే లేదు, హోదా మాత్రమే ఉంది. అలాంటప్పుడు 'శ్రీ' దేనికీ చెందదు. రెండుసార్లు రాస్తే గౌరవం రెట్టింపు కాదు.

5. పిలుపు ఒకటి, వాక్యారంభం ఒకటి

ఇంగ్లీషు వ్యవహార లేఖలో పలకరింపు తర్వాత బ్రిటన్ పద్ధతిలో కామా, అమెరికా పద్ధతిలో కోలన్ వస్తాయి. రెండూ పెట్టని పద్ధతి కూడా ఉంది. జర్మన్ లేఖల్లో ఒకప్పుడు ఆశ్చర్యార్థకం ఉండేది, ఇప్పుడు కామా వాడుతున్నారు. రష్యన్ లేఖల్లో ఆశ్చర్యార్థకం నేటికీ మామూలే. దీన్నిబట్టి పలకరింపు తర్వాతి చిహ్నం ఆయా భాషాసమాజాల ఒప్పందమే తప్ప సార్వత్రిక నియమం కాదని తెలుస్తుంది. కాబట్టి మనం అడగవలసిన ప్రశ్న, తెలుగు వాక్యానికి ఏది కుదురుతుందని.

తెలుగులో రెండు రకాల పలకరింపులున్నాయి. మొదటిది పిలుపు: అయ్యా, అమ్మా, ఆర్యా. ఇది సంబోధన ప్రథమ. ఓ, ఓయి, ఓరి, ఓసి అనేవి దీని గుర్తులని వ్యాకరణం చెబుతుంది. అవి లేకపోయినా 'అయ్య' అనే మాట చివర దీర్ఘం రాగానే అది పిలుపని మనకు తెలిసిపోతుంది. ఆ పని అచ్చు చేసేసింది కనుక విరామచిహ్నం చేయవలసింది కొద్దిగా ఆగమని చెప్పడమే. దానికి కామా చాలు.

రెండవది 'గారికి' అనే రూపం. ఇది పిలుపు కాదు, ఒక వాక్యానికి మొదలు. పాత లేఖల్లో 'ఫలానా గారికి ఫలానావారు నమస్కరించి వ్రాయునది ఏమనగా' అని ఒకే వాక్యంగా సాగేది. ఇప్పుడు మనం 'గారికి' దగ్గర కామా పెట్టి, పంక్తి మార్చి, దాన్ని పిలుపులాగా విడదీశాం. 'గారికి' అన్న మాట ఏ క్రియకు చెందుతుందో చెప్పకుండానే వదిలేశాం. చిరునామాలో అయితే ఇబ్బంది లేదు. అక్కడ అది ఎవరికి చేరాలో చెబుతుంది. సంబోధన స్థానంలో మాత్రం అది అసంపూర్ణంగా మిగులుతుంది.

దీనికి పరిష్కారం సులువైనదే. వాక్యం పూర్తి చేయండి: 'రీజనల్ కోఆర్డినేటర్ గారికి నమస్కారం.' చివర చుక్క పెట్టండి. వాక్యమూ పూర్తవుతుంది, పలకరింపూ పూర్తవుతుంది.

6. ఆశ్చర్యార్థకం వల్ల వచ్చే స్వరం

'అయ్యా!' అని రాయడం తెలుగులో తప్పు కాదు. మన నాటకాల్లో, కథల్లో పిలుపు తర్వాత ఈ చిహ్నం వాడడం పాత అలవాటే. అయితే చెవితో వినండి. 'అయ్యా,' అన్నప్పుడు ఒక మనిషి ఎదుటివారి దృష్టిని కోరుతున్నాడు. 'అయ్యా!' అన్నప్పుడు గొంతు పెరిగింది. 'అయ్యా!!' అంటే మొర పెట్టుకోవడమైనా కావాలి, కోపగించుకోవడమైనా కావాలి. హాల్ టికెట్‌లో అక్షరదోషానికి ఈ రెండూ అక్కర్లేదు. ఒక లేఖలో ఒకే పద్ధతి పాటించండి. వ్యవహార లేఖకు కామా నిరపాయకరం.

7. అధికారి పురుషుడేనని ఎవరు చెప్పారు?

నమూనా లేఖలో పేరు లేదు. అయినా 'అయ్యా' అని ఉంది. కోఆర్డినేటర్ స్త్రీ కావచ్చుననే ఆలోచన రాసినవారికి రాలేదు. కొందరు 'అయ్యా/అమ్మా' అని గీత పెట్టి రాస్తారు. అది న్యాయమే గాని, ఫారంలో అక్కర్లేనిది కొట్టివేయమన్నట్లు కనిపిస్తుంది. ఇంగ్లీషులో 'సర్', 'మేడమ్' మధ్య ఎంచుకోవలసిన చిక్కుకు తేలికైన జవాబు లేదు. తెలుగులో ఉంది. 'గారు' స్త్రీకీ పురుషుడికీ ఒకటే. పెళ్లి అయిందా లేదా అన్నదీ అడగదు. 'ప్రిన్సిపాల్ గారికి నమస్కారం' అనే వాక్యం ఎవరు ఆ కుర్చీలో ఉన్నా సరిపోతుంది.

దీని విలువ తెలియాలంటే మన పాత లేఖల అలవాట్లు గుర్తు చేసుకోవాలి. పురుషుడికి 'మహారాజశ్రీ'. ముత్తైదువకు 'చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి', పొడిగా 'చి.ల.సౌ.'. భర్త పోయిన స్త్రీకి 'గంగాభాగీరథీ సమానురాలు'. ఉత్తరం కవరు మీదే ఆమె వైధవ్యం ఊరందరికీ తెలిసేలా ఉండేది. గంగతో పోల్చడం పైకి గౌరవమే. కానీ ఆమె పేరు కన్నా ముందు ఆమె నష్టాన్ని చదివించే మర్యాద అది. ఆ వాడుక ఇప్పుడు దాదాపు పోయింది, పోవడమే మేలు. 'శ్రీమతి' మిగిలింది. సంతకం చేసిన స్త్రీ తన పేరు ముందు ఏ మాట రాసుకుంటే, జవాబులో ఆ మాటే వాడండి. ఏమీ రాసుకోకపోతే పేరు, 'గారు' చాలు.

ముగింపులోనూ ఇదే జాగ్రత్త అవసరం. పుస్తకంలో 'విధేయుడు' అని ఉందని విద్యార్థినులు అలాగే దించేస్తుంటారు. 'విధేయురాలు', 'భవదీయురాలు' అనే రూపాలున్నాయి. అవేవీ లేకుండా 'ఇట్లు' అని రాసి, కామా పెట్టి, కింద సంతకం చేసినా లేఖకు లోటు లేదు.

8. విశేషణాలు ఎక్కడి నుండి వచ్చాయి?

'దివ్య సముఖం', 'పాదములకు నమస్కరించి' అనే మాటలు దేవుడికో రాజుకో చెందినవి. 'అర్జీ', 'దరఖాస్తు' అనే మాటలు పార్సీ, ఉర్దూ కార్యాలయాల ద్వారా మనకు వచ్చాయి. 'ప్రియమైన' అన్నది ఇంగ్లీషు లేఖలోని 'డియర్'కు నకలు. ఇంగ్లీషులో ఆ మాట లేఖారంభంలో అర్థం అరిగిపోయి ఉత్త లాంఛనంగా మిగిలింది. తెలుగులో 'ప్రియమైన' అంటే ఇంకా ప్రేమే. బకాయి కట్టకపోతే చర్య తీసుకుంటామని హెచ్చరించే నోటీసు 'ప్రియమైన ఖాతాదారుకు' అని మొదలైతే చదివేవారికి నవ్వు రావాలో భయం కలగాలో తెలియదు. 'ఖాతాదారు గారికి' అంటే ఆ చిక్కు లేదు.

రాజుల కాలం పోయి చాలా ఏళ్లయింది. రాజ్యాంగంలోని 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది. 2012లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ, దేశీయ కార్యక్రమాల్లో తన పదవికి ముందు 'హిజ్ ఎక్సలెన్సీ' వాడకాన్ని మాన్పించారు. హిందీలో 'మహామహిమ్' బదులు 'రాష్ట్రపతి మహోదయ్' అనడం ఆ మార్పులో భాగమే. దేశ ప్రథమ పౌరుడే తగ్గించుకున్న చోట, అధ్యయన కేంద్రానికి రాసే లేఖలో 'దివ్య సముఖం' ఎందుకు?

కేంద్ర ప్రభుత్వ సచివాలయ కార్యాలయ పద్ధతుల్లో దీనికి స్పష్టమైన ఏర్పాటు ఉంది. అధికార లేఖ 'సర్' లేదా 'మేడమ్' అని మొదలై 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' అని ముగుస్తుంది. ఒక అధికారి మరొక అధికారికి పేరుపెట్టి రాసే డి.ఓ. లేఖ 'డియర్ శ్రీ ఫలానా' అని మొదలై 'యువర్స్ సిన్సియర్లీ' అని ముగుస్తుంది. ఆఫీస్ మెమొరాండంలో సంబోధనే ఉండదు. ఎవరితో ఎంత దూరంలో నిలబడి మాట్లాడుతున్నామో దాన్నిబట్టి మొదలూ ముగింపూ జతగా మారతాయి. మనం నేర్చుకోవలసింది ఈ జత కుదర్చడం. 'పాదములకు నమస్కరించి' అని మొదలుపెట్టి, 'తక్షణమే సరిచేయాలి' అని ముగిస్తే జత కుదరదు.

9. మర్యాద రెండు వైపులా ఉండాలి

ఇంతవరకు పౌరుడు కార్యాలయానికి రాసే లేఖను విమర్శించాం. కార్యాలయం పౌరుడికి రాసే లేఖ సంగతేమిటి? చాలా నోటీసులు 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా' అని మొదలవుతాయి. లోపల చదువుతున్న మనిషే 'సదరు అర్జీదారు' అవుతాడు. 'మీరు' అనే మాట ఒక్కసారీ కనిపించదు. కింది నుండి పైకి 'దివ్య సముఖం', పై నుండి కిందికి 'సదరు'. ఇది భాషా సమస్య ఒక్కటే కాదు. ఎవరికి ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న ఇందులో ఉంది.

రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం ఎవరైనా తమ ఇబ్బంది తీర్చమని కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విజ్ఞాపన ఇవ్వవచ్చు. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. 2005 సమాచార హక్కు చట్టం దరఖాస్తుదారు ఏ సమాచారం కావాలో చెప్పమంటుంది. ఎందుకు కావాలో చెప్పమని అడగకూడదంటుంది. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలంటుంది. అలాంటి దరఖాస్తులో 'దయతలచి' అన్న మాటకు పనిలేదు. దయతో ఇచ్చేదానికి గడువు ఉండదు, హక్కుతో వచ్చేదానికి ఉంటుంది.

మీలో చాలామంది ఇప్పటికే ఉద్యోగాల్లో ఉంటారు. రేపు మీరే నోటీసులు రాయవచ్చు. పింఛను ఆగిపోయిన వృద్ధురాలికి రాసేటప్పుడు ఆమె పేరు రాసి 'గారికి' అని చేర్చండి. 'మీ' దరఖాస్తు అనండి. ఖర్చు లేని మర్యాద ఇది.

10. ఒక అభ్యంతరం

'ఇవన్నీ పుస్తకాల్లో మాటలు. నాలుగు మంచి మాటలు ఎక్కువ రాస్తే పని త్వరగా అవుతుంది' అని మీరు అనవచ్చు. ఈ మాటను తేలిగ్గా తీసివేయలేం. అధికారం లేనివారికి వినయం ఒక ఉపాయం. అర్జీలో 'పాదములకు' అని రాయించుకున్న మనిషిని తప్పుపట్టడం న్యాయం కాదు. అలా రాస్తేనే పని అవుతుందని అతనికి నేర్పిన వ్యవస్థను తప్పుపట్టాలి.

అయితే ఉపాయంగా చూసినా ఆ మాటల బలం తక్కువే. బల్ల మీద పడే ప్రతి అర్జీలోనూ అవే ఉన్నప్పుడు వాటిని ఎవరూ చదవరు. కన్ను వెతికేది ప్రవేశ సంఖ్య కోసం, తేదీ కోసం, జతచేసిన పత్రాల కోసం. పని త్వరగా జరగడానికి నిజంగా తోడ్పడేవి అవే. అలాగని మర్యాద అక్కర్లేదని కాదు. మొరటుగా రాసిన లేఖకు కూడా ఇదే గతి పడుతుంది. 'మీరు', 'గారు', 'కోరుతున్నాను' అనే మూడు మాటలతో తెలుగులో మర్యాద నిండుగా వస్తుంది.

11. సవరించిన లేఖ

రీజనల్ కోఆర్డినేటర్ గారికి,
(కార్యాలయం, ఊరు)

విషయం: హాల్ టికెట్‌లో పేరు సవరణ – గురించి.

రీజనల్ కోఆర్డినేటర్ గారికి నమస్కారం.

నేను మీ అధ్యయన కేంద్రంలో బి.ఏ. రెండవ సంవత్సరం విద్యార్థిని. నా ప్రవేశ సంఖ్య: ______. హాల్ టికెట్‌లో నా పేరు ______ అని పడింది. ప్రవేశ పత్రంలో ఉన్న సరైన పేరు ______. పరీక్షలు ______ తేదీన మొదలవుతున్నాయి. అంతకు ముందే సవరించిన హాల్ టికెట్ ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. ప్రవేశ పత్రం నకలు, ప్రస్తుత హాల్ టికెట్ నకలు జతచేశాను.

ఇట్లు,
(సంతకం)
(పేరు, ఫోన్ నంబరు)

రెండు లేఖలనూ పక్కపక్కన పెట్టి చదవండి. రెండో లేఖలో వినయం తగ్గలేదు, వేడుకోలు మాత్రం పోయింది. రాసినవారు నిటారుగా నిలబడి మాట్లాడుతున్నారు. విశేషణాలు పోయిన చోట వివరాలు వచ్చాయి.

12. సారాంశం

పిలుపు రూపం వాడితే (అయ్యా, అమ్మా) తర్వాత కామా పెట్టాలి. 'గారికి నమస్కారం' అని వాక్యం రాస్తే చివర చుక్క పెట్టాలి. 'కు'ను ఒంటరిగా రాయకూడదు. 'శ్రీ' తర్వాత చుక్క అక్కర్లేదు. పేరు తెలియనప్పుడు హోదాకు 'గారు' చేర్చాలి. ఈ-మెయిల్‌కూ ఇవే వర్తిస్తాయి. గౌరవం ఎదుటివారిని ఆకాశానికి ఎత్తడంలో లేదు. వారి పేరు, హోదా సరిగా రాయడంలో, మన సంగతి స్పష్టంగా చెప్పడంలో ఉంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 'అయ్యా,' 'గారికి' అనే రెండు రూపాల మధ్య వ్యాకరణపరమైన తేడా ఏమిటి? విరామచిహ్నం ఎంపికపై దాని ప్రభావాన్ని వివరించండి.
2. మీ ఇంటికి వచ్చిన ఏదైనా కార్యాలయ నోటీసును తీసుకుని, అందులో చదువరిని ఏ మాటలతో ప్రస్తావించారో గుర్తించండి. దాన్ని 'మీరు' వాడి తిరిగి రాయండి.
3. 'అతి వినయం పని త్వరగా జరగడానికి తోడ్పడుతుంది' అనే వాదంతో మీరు ఏకీభవిస్తారా? మీ అనుభవం ఆధారంగా 15 పంక్తులలో చర్చించండి.